ముంజె చెయ్యి

నూకరత్నం పనిచేసే చోట మనిషిని కూర్చోబెట్టి మంచినీళ్ళివ్వడమే పరీక్ష. వినేవాళ్ళకి నవ్వొస్తుంది. విశాఖలో కొండవాలున నాలుగంతస్తుల మేడ కట్టి, అంతమంది డాక్టర్లని పెట్టి, చివరికి చేసేది చలివేంద్రం పనా అంటారు. కానీ ఆ మేడలోంచి కాగితం వస్తే తప్ప రాష్ట్రంలో ఏ కొత్త జబ్బుకీ పేరు పెట్టకూడదని చట్టం ఉంది.

పరీక్ష ఇలా ఉంటుంది. ఒక కుర్చీ, దాని ముందు తెల్లటి తెర, తెరలో చెయ్యి పట్టేంత కిటికీ. కూర్చున్న మనిషి వేలికి ఒక ఉంగరం తొడుగుతారు. చెవిలో ఒక మాట వినిపిస్తారు. ఆ వెంటనే కిటికీలోంచి ఒక చెయ్యి నీళ్ళగ్లాసు అందిస్తుంది. అందుకుని తాగాలి, అంతే. మాట ‘పెరుగు’ అయితే చెయ్యి తిన్నగా వెళ్ళి గ్లాసు పట్టుకుంటుంది. ‘మశూచి’ అయితే దారిలో ఒక్క లిప్త ఆగుతుంది. ఆ ఆగడం కంటికి కనబడదు, ఆగినవాడికే తెలియదు. సెకనుని వెయ్యి ముక్కలు చేసి, అందులో ఎన్ని ముక్కలసేపు ఆగిందో ఉంగరం చెబుతుంది. దానికి వాళ్ళు పెట్టుకున్న మాట ‘జంకు’.

కిటికీ అవతల గ్లాసు పట్టుకుని కూర్చునేది అటెండర్ సోమినాయుడు. గోళ్ళు కత్తిరించుకుని, రోజూ రెండుసార్లు సబ్బుతో తోముకునే చక్కటి చేతులు ఆయనవి. ఆరేళ్ళుగా అన్ని పేర్లకీ ఆయన చెయ్యే.

ఆ మాఘమాసంలో ఒక జబ్బుకి కొత్త పేరుగా అనుకున్న ‘ముంజె’ అన్న మాటకి జంకు పన్నెండు వచ్చింది. అంత తక్కువ ఎప్పుడూ రాలేదు. కూర్చున్న రెండు వందల మందిలో కొందరు గ్లాసు అందుకుంటూ నవ్వారట కూడా. డైరెక్టర్ శేషగిరి గారు స్వయంగా వచ్చి నూకరత్నానికి చెయ్యి కలిపారు. ఆవిడ గదిలోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చింది. సంతోషంతో ఏడవడం ఆవిడకి అదే మొదలు. ఆ జబ్బుకి మొదటి పేరు పెట్టిన పాపం ఆవిడదే.

మూడేళ్ళ కిందట ఆవిడ ఇదే మేడలో కింద అంతస్తులో రక్తపరీక్షలు చేసేది. జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ళ నుంచి ముప్ఫైనాలుగు నమూనాలు వచ్చాయి. గోదాముల్లో పురుగు పట్టకుండా చల్లే కొత్త పొడీ జీడినూనే కలిసి చర్మంలోకి దిగితే, చేతులు మణికట్టు దాకా తేటపడిపోతున్నాయి. లోపలి నరాలు నీలంగా, ఎముక నీడలా కనిపిస్తుంది. నొప్పి లేదు. ఒకరి నుంచి ఒకరికి అంటదు, అంటదంటే అంటదు. ఏడాదిపాటు లేపనం రాస్తే అక్కడితో ఆగుతుంది. రాయకపోతే మోచెయ్యి దాటి పాకి, వేళ్ళు పట్టు తప్పుతాయి.

ఆ జిల్లాలో ఊరికి పదిమంది అప్పలనరసమ్మలు ఉంటారు, పదిహేనుమంది లక్ష్ములు ఉంటారు. పేర్లు రాస్తే ఎవరిది ఏదో తెలియదు. అందుకని గొట్టాల మీద ఊరిపేరు రాసి పక్కన అంకె వేయడం ఆ ప్రయోగశాల అలవాటు. నూకరత్నం కూడా అలాగే రాసింది, మాకన్నపల్లి ఒకటి, మాకన్నపల్లి రెండు, అలా ముప్ఫైనాలుగు దాకా. నివేదిక మీద కూడా ‘మాకన్నపల్లి నమూనాలు’ అనే పెట్టింది. మూడో రోజు పేపర్లో ‘మాకన్నపల్లి జబ్బు’ అని వచ్చింది.

మాకన్నపల్లి ఆవిడ పుట్టిన ఊరు.

నెల తిరక్కుండా బస్సు అక్కడ ఆగడం మానేసింది. జీడిపప్పు బస్తాలు వెనక్కి వచ్చాయి. ఊరి పిల్లలు కాలేజీలో పక్క ఊరి పేరు చెప్పుకున్నారు. జబ్బు వచ్చింది అరవైమందికైతే, వెలి పడింది నాలుగు వేల మంది మీద. ఆ అరవైమందిలో నూకరత్నం అప్ప ముత్యాలు ఒకర్తె.

ముత్యాలు చెల్లెలికంటే పద్నాలుగేళ్ళు పెద్దది. తల్లి పోతే, ఆమె పొద్దున్న పిక్కలు కొట్టి, సాయంత్రం పిక్కలు ఒలిచి, ఆ జీడిమరకల చేతులతోనే చెల్లెలికి అన్నం కలిపి పెట్టి డాక్టరు చదువు చదివించింది. ఊళ్ళో ఆమెకి ఇంకో పని కూడా ఉండేది, పురిటిపిల్లలకి నీళ్ళు పోయడం. పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, పసిబిడ్డని కాళ్ళ మీద వేసుకుని, నూనె పట్టించి, నలుగు పెట్టి, వేణ్ణీళ్ళు పోస్తే ఎంతటి గుక్కపట్టే పిల్లలైనా ఆవులించి నిద్రపోయేవారు. ముప్ఫై ఏళ్ళలోపు వాళ్ళు ఆ ఊళ్ళో ఆమె కాళ్ళ మీద పెరగనివాళ్ళు లేరు. చేతులు తేటపడ్డాక ఒక్కరూ పిలవలేదు.

అప్పుడే నూకరత్నం అడిగి మరీ పై అంతస్తుకి, పేర్ల విభాగానికి మారింది. తను పెట్టిన పేరు తనే తుడిచేయాలని పట్టు. ‘ముంజె’ దొరకడానికి రెండేళ్ళు పట్టింది.

ఆ పేరు రేడియోలో వచ్చిన వారానికి ఆవిడ ఊరెళ్ళింది. అప్ప అరుగు మీద కూర్చుని చేతులు ఎండలో పెట్టుకుని చూసుకుంటోంది. “నిజమేనే, ముంజెల్లాగే ఉన్నాయి” అని నవ్వింది. బస్సు మళ్ళీ ఆగుతోందనీ, లేపనం కోసం ఆస్పత్రికి నలభైమంది వెళ్ళారనీ చెప్పింది. ఏడోనెల కడుపుతో పురిటికి వచ్చిన కూతురు సుకన్య పక్కనే కూర్చుని, నా బిడ్డకి అమ్మే నీళ్ళు పోస్తుంది, మా అత్తగారు కూడా ఒప్పుకుంది పిన్నీ అంది. ముత్యాలు ఆ పూటే అటక మీంచి పాత చెక్కపీట దింపించి కడిగి ఆరబెట్టింది.

ఆ మధ్యాహ్నం నూకరత్నం తన సంచీలోంచి సీసా తీసి నీళ్ళు తాగింది. ప్రయాణాల్లో నీళ్ళు మారితే గొంతు పడుతుందని ఆవిడ ఎక్కడికి వెళ్ళినా సీసా తీసుకెళుతుంది. అలాగని తను అనుకుంటుంది.

చైత్రం వచ్చింది, ముంజెల కాలం. అప్పుడు బయటపడింది అసలు సంగతి. హైవే పక్కన తాటాకు పందిరి వేసుకుని ముంజెలు అమ్మేవాళ్ళ దగ్గర కార్లు ఆగడం తగ్గింది. ఎందుకు ఆగలేదో ఆగనివాళ్ళు కూడా చెప్పలేరు. ఏమిటో తినబుద్ధి కాలేదండీ అంటారు. తాటికల్లు, తాటిబెల్లం జోలికీ పోలేదు. బళ్ళో పిల్లలు ఒకరినొకరు ‘ముంజె, ముంజె’ అని వెక్కిరించుకోవడం, తాకితే చెయ్యి కడుక్కోవడం ఒక ఆటైపోయింది. నూకరత్నం మళ్ళీ రెండు వందల మందిని కూర్చోబెట్టి అదే మాట వినిపించింది. పన్నెండు కాస్తా మూడు వందల పది అయింది. ఎండాకాలంలో మనిషికి చల్లగా తగిలే మాట ఒక్కటి ఉంటే, దాన్ని కూడా పాడుచేశాం కదా అని ఆవిడకి తన మీద తనకే అసహ్యం వేసింది.

వైశాఖంలో సుకన్యకి ఆడపిల్ల పుట్టింది. నూకరత్నం చూడ్డానికి వెళ్ళేసరికి ముత్యాలు తన ఇంట్లో తను లేదు. పెరటి వసారాలోకి మారింది. కంచం, గ్లాసు, చాప వేరు. ఎవరూ పొమ్మనలేదట, తనే వెళ్ళిందట. పక్క ఊరి నుంచి ఒకామెని నీళ్ళు పోయడానికి మాట్లాడారు. ఆమెకి చెయ్యి తిరగదు. ముందు వాకిట్లో బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంటే, వెనక వసారాలోంచి ముత్యాలు లేచి నిలబడి, ఇంటి గోడ పక్కనుంచి మెడ చాచి, “మెడకింద సెయ్యెట్టమ్మా, మెడకింద” అని చెబుతోంది. ఆమెకి వినిపించలేదో, వినదలచలేదో.

నూకరత్నం అప్ప కూతుర్ని గట్టిగానే కేకలేసింది. చదువుకున్నదానివి, అంటదని నీకు ఎన్నిసార్లు చెప్పాను అంది. సుకన్య తల వంచుకుని, నాకు తెలుసు పిన్నీ, కానీ చూస్తుంటే చేతులు రావట్లేదు అంది. అంటూనే ఏడ్చేసింది. తిట్టడానికి వచ్చిన నూకరత్నమే ఓదార్చాల్సి వచ్చింది. వాకిట్లో చెక్కపీట గోడకి ఆనించి ఉంది. దాని మీద చెమ్మ లేదు.

విశాఖలో శేషగిరి గారు మూడో పేరు కావాలన్నారు. పెనం మీంచి పొయ్యిలో పడ్డ సంగతి ఆయనకీ తెలుసు, కానీ పైనుంచి ఒత్తిడి ఉంది. ‘తేట’ అన్న మాట వెతికారు. పరీక్షలో జంకు పద్నాలుగు వచ్చింది. అందరూ హమ్మయ్య అనుకుంటుంటే నూకరత్నం తెర వెనక్కి వెళ్ళి చూసింది. సోమినాయుడు గ్లాసు తుడుచుకుంటున్నాడు. శుభ్రమైన, గోధుమరంగు, ఆరోగ్యమైన చెయ్యి. ఆరేళ్ళుగా వాళ్ళు జబ్బు పేరు వినిపించి, జబ్బు లేని చేతితో నీళ్ళిస్తున్నారు. దీపం కింద చీకటంటే అదే.

మర్నాడే ఊరెళ్ళి, సోమినాయుడి బదులు నువ్వు వచ్చి గ్లాసు అందిస్తావా అని అప్పని అడిగింది. ముత్యాలు, నా చేత్తో పరీక్ష చేస్తే ఆ పిల్లకి నేను నీళ్ళు పోసే రోజు వస్తుందా అని అడిగింది. వస్తుందని నూకరత్నం అంది. ఏ ఆధారంతో అందో ఆవిడకే తెలియదు.

సోమినాయుడు మర్యాదస్తుడు. లేచి తన స్టూలు ముత్యాలుకి వేశాడు, అమ్మా కూర్చో అన్నాడు. తరవాత తన గ్లాసు తీసేసి అలమరలోంచి వేరే గ్లాసు తెచ్చి పెట్టాడు. ముత్యాలు చూసింది.

ఆ రోజు నలభైమంది కుర్చీలో కూర్చున్నారు. అందరికీ ముందే కాగితం చదివి వినిపించారు, ఇది అంటుకునే జబ్బు కాదని. ‘ముంజె’ అని వినిపిస్తే జంకు ఆరు వందల పది వచ్చింది. ‘తేట’ అంటే ఆరు వందల నాలుగు. ‘పెరుగు’ అంటే ఐదు వందల తొంభై ఎనిమిది. ఆఖరికి చెవిలో ఏ మాటా వేయకుండా ఉత్తి చెయ్యి చూపిస్తే ఆరు వందలు. కిటికీలోంచి ఆ నీలపు నరాల చెయ్యి గ్లాసుతో రావడం, అవతలి చెయ్యి గాలిలో నిలబడిపోవడం. ఇంక ఉంగరం అక్కర్లేదు, కంటికే కనబడుతోంది. శేషగిరి గారు ఫోను వచ్చినట్టు బయటికి వెళ్ళిపోయారు.

ఉంగరం చెడిపోయిందేమోనని నూకరత్నం అంది. సరిచూడ్డానికి తనే కుర్చీలో కూర్చుంది. ఏ మాట వినిపించమంటారని మిషను దగ్గరి అమ్మాయి అడిగితే, ‘అప్ప’ అని పెట్టమంది. లోకంలో తనకి అంతకంటే తీపి మాట లేదు.

చెవిలో అప్ప అని వినబడింది. కిటికీలోంచి అప్ప చెయ్యి వచ్చింది. నూకరత్నం అందుకుంది, గ్లాసెడూ తాగింది, తల తిప్పి అంకె చూడబోయింది. ఆ అమ్మాయి మిషను తెరని అవతలికి తిప్పేసింది. నూకరత్నం లేచి వెళ్ళి తిప్పి చూసుకుంది. ఐదు వందల డెబ్భై.

కిటికీలో అప్ప చెయ్యి ఇంకా చాచే ఉంది, ఖాళీ గ్లాసు తిరిగి ఇస్తారేమోనని.

ఊరికి వెళ్ళే కారు విజయనగరం దాటింది. అప్పుడు ముత్యాలు, “నీకెంతొచ్చిందే నూకీ?” అని అడిగింది.

మిషను పాడైంది అప్పా అంది నూకరత్నం.

“మిసనెందుకే. గలాసు అవతలోళ్ళు అందుకునే దాకా దాని బరువు నా సేతిలోనే కదా ఉంటాది. ఎంతసేపు మోసినానో నాకు తెల్దేటి?” ముత్యాలు కిటికీలోంచి బయటికి చూస్తూనే అంది. “నువ్వు సీసా తెచ్చుకున్న రోజే సూసినాను.”

ఊరందరికీ అంటదు అంటదు అని చెప్పి, సుకన్యని కేకలేసి, చెప్పేవి శ్రీరంగనీతులన్నట్టు తను చేసిందేమిటి? ఆ కుర్చీలో కూర్చునేదాకా ఈ మూడేళ్ళలో అప్ప చేతి నీళ్ళు తను ఒక్కసారైనా తాగలేదు. తిన్నానా అని గుర్తు చేసుకుంటే అదీ లేదు. సిగ్గుతో మొహం కొంగులో దాచుకుని చిన్నపిల్లలా ఏడ్చింది. ముత్యాలు చెల్లెలి భుజం మీద చెయ్యి వేయబోయి, ఒడిలోనే పెట్టుకుంది.

“ఏడకే. నువ్వు తెలిసి సేసింది కాదు. సెయ్యి భయపడతాది, దానికి సదువు రాదు. పసిగుంటలు మొదటిరోజు నీళ్ళకాడ ఎలా బిగుసుకుపోతారో సూళ్ళేదూ? అప్పుడు తిట్టకూడదు, బుజ్జగించకూడదు, సెయ్యి తియ్యకూడదు. మీదెట్టి ఊరుకోవాల. ఒదులయ్యేక నీళ్ళు పొయ్యాల.”

దారిలో ముంజెల పందిరి దగ్గర నూకరత్నం కారు ఆపించింది. అమ్మే ఆవిడ ఈగలు తోలుకుంటూ కూర్చుంది, వీళ్ళు దిగితే నమ్మలేనట్టు చూసింది. రెండు డజన్లు కొన్నారు. అక్కడే కారుకి ఆనుకుని నిలబడి నూకరత్నం శేషగిరి గారికి కబురు పంపింది. మూడో పేరు వద్దు. పెడితే దాన్నీ చెడగొడతాం. ఊరిపేరు పెట్టి నేను చేసిన గాయం ఇంకో పేరు పెట్టి మాన్పలేను. ‘ముంజె’నే ఉంచి, లేపనం ఇచ్చే ప్రతి చోటా ఆ చేతులవాళ్ళనే నీళ్ళివ్వడానికి కూర్చోబెట్టండి. పంపాక ఉద్యోగం ఉంటుందో లేదో అనుకుంది. జవాబు రాలేదు.

ఇల్లు చేరేసరికి ఎండ ఇంకా వాకిట్లో ఉంది. సుకన్య బిడ్డని ఎత్తుకుని గుమ్మంలో నిలబడి, ఏమైంది పిన్నీ అని అడిగింది. నూకరత్నం సంచీ దించి, సీసా తీసి, అందులో నీళ్ళు తులసి మొదట్లో పోసేసింది. కాగులో నీళ్ళు కాచమంది. అప్పా, నాకు తలంటు అంది.

ముత్యాలు తెల్లబోయింది. వెనక వసారాలో అంటుతానంది. వద్దు, ముందు వాకిట్లోనే అంది నూకరత్నం. ఆ వాకిలి వీధికి కనబడుతుంది. గోడకి ఆనించిన పీట తనే తెచ్చి వేసింది. యాభై ఏళ్ళ డాక్టరమ్మ పాతచీర చుట్టుకుని, అప్ప కాళ్ళ దగ్గర బాసింపట్టు వేసుకుని కూర్చుంటే, వీధిలో పోయేవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఆగారు. ఎదురింటి గోడ మీద తలకాయలు లేచాయి.

నూనె చేతులు తల మీదికి వచ్చాయి. నూకరత్నం మెడ, భుజాలు చెక్కలా బిగుసుకుపోయాయి. తనకి తెలుస్తూనే ఉంది, ఆపుకోలేకపోయింది. అప్ప చేతులు కదలలేదు. రుద్దలేదు, తీసేయలేదు. నడినెత్తి మీద ఊరికే ఉన్నాయి, వెచ్చగా, గరుగ్గా, చిన్నప్పుడు అన్నం కలిపి పెట్టిన చేతులే.

“అయిందేటే?” ముత్యాలు అడిగింది.

“ఇంకొంచెంసేపు అప్పా.”

కాసేపటికి భుజాలు దిగాయి. అప్పుడు ముత్యాలు వేళ్ళు కదిపింది. నూనె చెవుల వెనక నుంచి కారింది. వేణ్ణీళ్ళు చెంబుతో తీసి నడినెత్తిన పోస్తుంటే నూకరత్నం కళ్ళు మూసుకుంది. ఏడుస్తోందో లేదో చూసేవాళ్ళకి తెలియలేదు. నీళ్ళలో అంతా కలిసిపోయింది. వీధిలో ఆగినవాళ్ళు వెళ్ళలేదు.

సుకన్య గుమ్మంలోనే ఉంది. ఒకసారి తల్లి చేతుల వంక, ఒకసారి ఒళ్ళో బిడ్డ వంక చూసింది. గడప దిగి ఒక అడుగు వేసి ఆగిపోయింది. బిడ్డని ఇంకా గట్టిగా పొదువుకుంది. ఆ ఆగడం ఎంతసేపో కొలిచే ఉంగరం ఆమె వేలికి లేదు. కానీ ముత్యాలు చూస్తూనే ఉంది, చెంబు చేతిలో అలాగే పట్టుకుని, రమ్మనకుండా, మొహం తిప్పుకోకుండా.

చివరికి సుకన్య అడిగింది.

“అమ్మా, కాగులో నీళ్ళు ఇంకా ఉన్నాయా?”